లక్షల డిజైన్లలో మంచిది ఏది? కలకత్తా నుంచి కాన్పూర్ దాకా ఒక అన్వేషణ చరిత్ర

నీటి పంపులో తిరిగే ఇంపెల్లర్‌ను డిజైన్ చేయాలనుకుందాం. రెక్కలు ఎన్ని ఉండాలి, వాటి వంపు ఎంత, మందం ఎంత, అంచు ఎలా ఉండాలి... ఇలా మార్చడానికి వీలున్న అంశాలు 13 ఉన్నాయి. ఒక్కో అంశానికి మూడేసి విలువలు మాత్రమే ప్రయత్నించాలనుకున్నా, 3ను 13 సార్లు వేసి గుణిస్తే వచ్చేది 15,94,323. అన్ని డిజైన్లను గీసి ఇవ్వమంటే కంప్యూటర్ ఇచ్చేస్తుంది. కానీ ఒక్కో ఇంపెల్లర్‌లో నీటి ప్రవాహాన్ని సరిగ్గా లెక్కగట్టడానికి గంట చొప్పున పడితే, మొత్తం పూర్తయ్యేసరికి సుమారు 182 ఏళ్లు.

ఇదే సమస్యకు 27 డిజైన్లు పరీక్షించి, 13 అంశాల్లో ఏది ఎంత ప్రభావం చూపుతుందో అంచనా వేయవచ్చని చెప్పే పట్టిక ఒకటి ఉంది. ఇంజినీరింగ్ చదివినవాళ్లు ఇలాంటి పట్టికలను ‘టాగుచి పద్ధతి’ పేరుతో ల్యాబ్‌లో చూసే ఉంటారు. పేరు జపానుది. వెనకున్న గణితానికి సాధారణ రూపం ఇచ్చింది మాత్రం కలకత్తాలో పనిచేసిన ఒక తెలుగు యువకుడు.

కంప్యూటర్లు పుట్టించే డిజైన్ల సముద్రంలో మంచివాటిని వెతకడం అనగానే మనకు కృత్రిమ మేధ, అమెరికా కంపెనీలు గుర్తుకొస్తాయి. కానీ ఈ చరిత్రను వరుసగా చూస్తే ఒక విషయం అర్థమవుతుంది. డిజైన్లను పుట్టించడం ఎప్పుడూ పెద్ద కష్టం కాలేదు. కష్టమైన ప్రశ్నలు రెండు. అన్నీ చూడలేనప్పుడు ఏ కొన్నింటిని చూడాలి? చూసినవాటిలో ‘మంచిది’ అని దేన్ని అనాలి? మొదటి ప్రశ్నకు వచ్చిన గొప్ప జవాబుల్లో ఒకటి కలకత్తా నుంచి, రెండో ప్రశ్నకు వచ్చిన జవాబుల్లో ఒకటి కాన్పూర్ నుంచి వచ్చాయి. జీఎస్-3లో ‘శాస్త్ర సాంకేతిక రంగాల్లో భారతీయుల విజయాలు’ అనే అంశం చదివేటప్పుడు మనం అంతరిక్షం, అణుశక్తి దగ్గరే ఆగిపోతాం. ఈ వ్యాసం ఆ జాబితాకు ఇంకో అధ్యాయం.

పొలంలో పుట్టిన ప్రశ్న

ఈ కథ కంప్యూటర్ గదిలో కాకుండా పొలంలో మొదలవుతుంది. 1919లో ఆర్.ఎ.ఫిషర్ అనే గణాంకవేత్త ఇంగ్లండ్‌లోని రోథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో చేరాడు. ఏ ఎరువు, ఏ విత్తనం, ఏ దున్నకం కలిస్తే దిగుబడి బాగుంటుందో తేల్చాలి. పంట ఏడాదికి ఒకసారే వస్తుంది. ఒక్కో ఏడాది ఒక్కో అంశాన్ని మార్చి చూస్తూ పోతే పరిశోధకుడి జీవితం అయిపోతుంది కానీ జవాబు రాదు. పైగా పొలంలో ఒక మూల సారవంతం, మరో మూల చౌడు. దిగుబడి పెరిగింది ఎరువు వల్లా, నేల వల్లా?

ఫిషర్ చెప్పిన దారి ఇది. అంశాలను ఒక్కొక్కటిగా మార్చకుండా, ఒక క్రమం ప్రకారం అన్నిటినీ కలిపి మార్చాలి. ఏ మడికి ఏ ఎరువో యాదృచ్ఛికంగా కేటాయించాలి. ప్రయోగం ముగిశాక లెక్కలు వేయడం కంటే ముందే, ప్రయోగాన్నే లెక్క ప్రకారం రూపొందించాలి. 1935లో వచ్చిన ‘ది డిజైన్ ఆఫ్ ఎక్స్‌పెరిమెంట్స్’ పుస్తకం ఈ శాస్త్రానికి పునాది.

అప్పటికే కలకత్తాలో దానికి సరైన నేల సిద్ధంగా ఉంది. భౌతికశాస్త్ర ఆచార్యుడైన ప్రశాంత చంద్ర మహలనోబిస్ 1931 డిసెంబరు 17న ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌ను (ఐఎస్ఐ) స్థాపించారు. బెంగాల్‌లో జనపనార ఎంత విస్తీర్ణంలో పండిందో తెలుసుకోవడానికి ప్రతి పొలాన్నీ కొలవకుండా, కొన్ని నమూనా స్థలాలను మాత్రమే కొలిచి మొత్తాన్ని అంచనా వేసే సర్వేలు ఆయన నడిపారు. 1950లో మొదలైన జాతీయ నమూనా సర్వే ఆ అనుభవం నుంచి వచ్చిందే. నమూనా సర్వే, ప్రయోగ రూపకల్పన పైకి వేర్వేరుగా కనిపించినా రెండింటి వెనకా ఉన్న ప్రశ్న ఒకటే. అంతా చూసే స్తోమత లేనప్పుడు, కొంతే చూసి అంతటి గురించీ ఎంత నమ్మకంగా మాట్లాడగలం? పేద దేశానికి ఇది సిద్ధాంత చర్చ ఎంతమాత్రం కాదు, రోజువారీ అవసరం.

సి.ఆర్.రావు పట్టికలు

కల్యంపూడి రాధాకృష్ణ రావు 1920 సెప్టెంబరు 10న నేటి కర్ణాటకలోని హూవిన హడగలిలో తెలుగు కుటుంబంలో పుట్టారు. గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నాల్లో చదువుకున్నారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం పూర్తిచేశారు. యుద్ధకాలంలో సైన్యానికి సంబంధించిన ఒక ఉద్యోగం కోసం కలకత్తా వెళ్లారు. ఆ ఉద్యోగం రాలేదు. అక్కడే ఐఎస్ఐ గురించి తెలుసుకుని 1941లో శిక్షణకు చేరారు. 1945 నాటి పరిశోధన పత్రంలోని క్రామర్-రావు అసమానత, రావు-బ్లాక్‌వెల్ సిద్ధాంతం చాలామందికి తెలుసు. మన కథకు కావాల్సింది ఆయన 1947లో ప్రచురించిన ‘ఆర్థోగొనల్ అరే’ల పత్రం.

పేరు చూసి భయపడనక్కర్లేదు. మూడు అంశాలు, ఒక్కోదానికి రెండు విలువలు ఉన్నాయనుకుందాం. ఆ విలువలను 1, 2 అని పిలుద్దాం. మొత్తం డిజైన్లు 8. అందులో నాలుగే పరీక్షించే స్తోమత ఉంది. ఏ నాలుగు ఎంచుకోవాలి?

మొదటి డిజైన్: 1, 1, 1
రెండోది: 1, 2, 2
మూడోది: 2, 1, 2
నాలుగోది: 2, 2, 1

ఏ రెండు నిలువు వరుసలైనా తీసుకోండి. 1-1, 1-2, 2-1, 2-2 అనే నాలుగు జతలూ ఒక్కోసారి వస్తాయి. అంటే మొదటి అంశం విలువ 1గా ఉన్న రెండు డిజైన్లలో మిగతా రెండు అంశాలూ 1, 2 విలువలను సమానంగా తీసుకున్నాయి. విలువ 2గా ఉన్నచోట కూడా అంతే. అందువల్ల ఆ రెండు గుంపుల సగటు ఫలితాలను పోల్చితే, మిగతా అంశాల ప్రభావం రెండు పక్కలా సమానంగా పడి కొట్టుకుపోతుంది. తేడా మొదటి అంశానిదే. అదే నాలుగు పరీక్షలతో రెండో అంశాన్నీ, మూడో అంశాన్నీ అంచనా వేయవచ్చు. ఒకే పరీక్ష మూడు ప్రశ్నలకు సాక్ష్యం చెబుతుంది.

అంశాలు పెరిగేకొద్దీ ఈ పొదుపు ఆశ్చర్యపరుస్తుంది. రెండు విలువలున్న 7 అంశాలకు మొత్తం డిజైన్లు 128, పరీక్షించాల్సినవి 8. మూడు విలువలున్న 4 అంశాలకు మొత్తం 81, పరీక్షించాల్సినవి 9. మన ఇంపెల్లర్ విషయంలో దాదాపు 16 లక్షలకు 27. ఇలాంటి పట్టికకు కనీసం ఎన్ని అడ్డు వరుసలు ఉండి తీరాలో చెప్పే హద్దును కూడా రావు ఇచ్చారు. దాన్ని ఇప్పటికీ ‘రావు హద్దు’ అనే పిలుస్తారు.

ఈ పట్టికల గణితం లాటిన్ చదరాలతో ముడిపడి ఉంటుంది. ఆ రంగంలో ఐఎస్ఐలో పనిచేసిన ఆర్.సి.బోస్, తర్వాత ఆయన శిష్యుడు ఎస్.ఎస్.శ్రీఖండే అగ్రగణ్యులు. 1782లో ఆయిలర్ ఒక ఊహ చేశాడు. 6, 10, 14 వంటి పరిమాణాల్లో పరస్పరం లంబంగా ఉండే లాటిన్ చదరాల జత సాధ్యం కాదన్నాడు. 6 విషయంలో ఆయన మాట నిజమే. మిగతా వాటన్నిటి విషయంలోనూ అది తప్పని 1959లో బోస్, శ్రీఖండే, అమెరికన్ గణితవేత్త పార్కర్ కలిసి నిరూపించారు. దాదాపు 177 ఏళ్లు నిలిచిన ఊహ కూలడంతో ఆ వార్త న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీకెక్కింది.

అయితే ఈ పట్టికల్లో మాయమంత్రం లేదు. పొదుపుకు మూల్యం చెల్లించాల్సిందే. రెండు అంశాలు కలిసినప్పుడు మాత్రమే కనిపించే ప్రభావం, ఉదాహరణకు రెక్కల సంఖ్య పెరిగినప్పుడే వంపు మేలు చేయడం, ఈ చిన్న పట్టికల్లో మూడో అంశం ప్రభావంతో కలిసిపోతుంది. పై నాలుగు వరుసల పట్టికలో మూడో నిలువు వరుస ఫలితం నిజంగా మూడో అంశానిదా, మొదటి రెండూ కలిసి చేసిన పనా అని విడదీయలేం. ఏది ఏ అంశంతో కలిసిపోతుందో ముందే తెలిసి ఉండటం ఈ పద్ధతి బలం. ఆ సంగతి మరచిపోయి వాడితే అదే బలహీనత.

జపాను దారి

గెనిచి టాగుచి జపాను టెలిఫోన్ పరిశోధనశాలలో పనిచేసిన ఇంజినీరు. 1954-55లో ఆయన ఐఎస్ఐకి విజిటింగ్ ప్రొఫెసర్‌గా వచ్చారు. ఆ కాలంలో సి.ఆర్.రావు, ఫిషర్, నాణ్యతా నియంత్రణకు ఆద్యుడైన వాల్టర్ షూహార్ట్‌లతో ఆయనకు పరిచయం కలిగింది. జపాను తిరిగి వెళ్లాక ఆర్థోగొనల్ అరేలను ఫ్యాక్టరీ ఇంజినీరు చేతిలో పట్టుకుని వాడుకునే తయారు పట్టికలుగా మార్చి ప్రచారం చేశారు. ఎల్-9, ఎల్-18, ఎల్-27 అని మనం చదువుకునేవి అవే.

టాగుచి దీనికి జోడించిన ఆలోచన ఒకటుంది. ఆయన తరచుగా చెప్పే ఉదాహరణ ఇనా కంపెనీ పలకల బట్టీది. బట్టీలో మధ్యన, అంచున వేడి ఒకేలా ఉండదు. అందువల్ల పలకల కొలతలు తేడా వచ్చేవి. వేడిని సమానం చేయాలంటే బట్టీకే చాలా ఖర్చవుతుంది. దానికి బదులు మట్టి మిశ్రమంలో ఏ పాళ్లు మారిస్తే వేడిలో తేడా ఉన్నా పలక తట్టుకుంటుందో ప్రయోగాలతో వెతికారు. సున్నపురాయి పాలు పెంచితే సమస్య తగ్గింది. కారణాన్ని తొలగించలేనప్పుడు, ఆ కారణం ఏమీ చేయలేని డిజైన్‌ను వెతకాలి. దీన్నే రోబస్ట్ డిజైన్ అంటారు. అంటే మంచి డిజైన్ అంటే ల్యాబ్‌లో అత్యధిక మార్కులు తెచ్చుకునేది అని సరిపెట్టుకోకూడదు. బయటి ప్రపంచంలో ఎండకూ, దుమ్ముకూ, చేతివాటానికీ తట్టుకుని నిలబడేది కావాలి.

1980లలో ఈ పద్ధతులు అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌కూ, ఫోర్డ్ వంటి కార్ల కంపెనీలకూ చేరాయి. అక్కడి నుంచి ‘టాగుచి పద్ధతి’గా మన ఇంజినీరింగ్ పాఠ్యపుస్తకాల్లోకి తిరిగొచ్చాయి. కలకత్తాలో పుట్టిన గణితం టోక్యో, డెట్రాయిట్‌ల మీదుగా మన తరగతి గదికి వచ్చిందన్నమాట. నిజానికి మహలనోబిస్ ఆహ్వానంపై షూహార్ట్ 1947-48లోనే భారత్ వచ్చారు. ఐఎస్ఐ నాణ్యతా నియంత్రణ విభాగాలనూ నడిపింది. జ్ఞానం మన దగ్గర ఉంది, దాన్ని ప్రచారం చేసే సంస్థా ఉంది. నా అభిప్రాయంలో లోపించింది ఫ్యాక్టరీ వైపు ఆకలి. ప్రపంచ మార్కెట్లో నిలవాల్సిన ఒత్తిడి జపాను కంపెనీకి ఉంది. లైసెన్సుల రక్షణలో, తయారు చేసిందల్లా అమ్ముడుపోయే మార్కెట్లో మన కంపెనీకి ఆ ఒత్తిడి తక్కువ. పరిశోధన, పరిశ్రమల మధ్య దూరం గురించి మెయిన్స్‌లో రాయాల్సి వస్తే ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ దొరకదు.

బెర్లిన్‌లో పరిణామం

పట్టిక పద్ధతిలో ఏ డిజైన్లు పరీక్షించాలో ముందే నిర్ణయమైపోతుంది. రెండో దారి వేరు. ఒకటి పరీక్షించి, దాని ఫలితాన్ని బట్టి తర్వాతిది ఎంచుకోవడం.

1964లో బెర్లిన్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఇంగో రెషెన్‌బర్గ్, హాన్స్-పాల్ ష్వెఫెల్, పీటర్ బీనెర్ట్ అనే ముగ్గురు విద్యార్థులు గాలి సొరంగంలో ఒక విచిత్ర ప్రయోగం చేశారు. ఆరు పలకలను ఐదు కీళ్లతో కలిపారు. ఒక్కో కీలును 51 స్థానాల్లో నిలపవచ్చు. మొత్తం ఆకృతులు 34,50,25,251. గాలి నిరోధం అతి తక్కువగా ఉండే ఆకృతి కావాలి. జవాబు చదునైన పలక అని అందరికీ తెలుసు. తెలిసిన జవాబును పద్ధతి కనుక్కుంటుందా అన్నదే పరీక్ష.

ముడుచుకుపోయిన ఆకృతితో మొదలుపెట్టారు. యాదృచ్ఛికంగా కీళ్లను కాస్త మార్చారు. నిరోధం తగ్గితే కొత్త ఆకృతిని ఉంచుకున్నారు, పెరిగితే పాతదానికి వెళ్లారు. దాదాపు 300 ప్రయత్నాల్లో పలక చదునైంది. 34 కోట్లకు 300. ప్రకృతిలో జీవపరిణామం చేసే పనిని వాళ్లు ఇంజినీరింగ్‌లోకి తెచ్చారు. తర్వాత ష్వెఫెల్ ఇదే పద్ధతితో ఒక నాజిల్‌ను మెరుగుపరిస్తే, పాఠ్యపుస్తకాల్లోని నున్నటి ఆకృతికి బదులు ఉబ్బులూ నొక్కులతో ఎవరూ ఊహించని ఆకారం వచ్చింది. అది మామూలు దానికంటే బాగా పనిచేసింది.

అదే కాలంలో అమెరికాలోని మిషిగన్‌లో జాన్ హాలండ్ రెండు పరిష్కారాలను కలిపి ‘సంతానం’ పుట్టించే జెనెటిక్ అల్గారిథమ్ సిద్ధాంతాన్ని నిర్మించారు. ఆయన పుస్తకం 1975లో వచ్చింది. ఆయన శిష్యుడు, సివిల్ ఇంజినీరు అయిన డేవిడ్ గోల్డ్‌బర్గ్ 1983లో గ్యాస్ పైప్‌లైన్ నిర్వహణకు దాన్ని వాడి, ఇది సిద్ధాంతం మాత్రమే కాదని చూపించారు.

కాన్పూర్ జవాబు

ఇప్పటిదాకా ‘మంచిది’ అంటే ఒకే కొలత: దిగుబడి, లేదా గాలి నిరోధం. నిజ జీవితంలో ఒకే కొలత ఉండదు. వంతెన బలంగా ఉండాలి, చవకగానూ ఉండాలి. కారు తేలికగా ఉండాలి, ప్రమాదంలో ప్రయాణికుణ్ని కాపాడనూ వలెను. ఒకటి పెంచితే మరొకటి తగ్గుతుంది.

పాత అలవాటు ఏమిటంటే బలానికి 60 శాతం, ఖర్చుకు 40 శాతం అని బరువులు వేసి, మొత్తం మార్కులు లెక్కగట్టి, మొదటి ర్యాంకు వచ్చినదాన్ని ఎంచుకోవడం. ఇందులో చిక్కుంది. 60, 40 అని ఎవరు చెప్పారు? ఏయే ప్రత్యామ్నాయాలు ఉన్నాయో తెలియకముందే తీర్పు రాసేసినట్టు.

త్రిపురకు చెందిన కల్యాణ్‌మయ్ దేబ్ ఐఐటీ ఖరగ్‌పూర్‌లో మెకానికల్ ఇంజినీరింగ్ చదివి, గోల్డ్‌బర్గ్ దగ్గర పరిశోధన చేసి, 1993లో ఐఐటీ కాన్పూర్‌లో అధ్యాపకుడిగా చేరారు. 1994లో ఎన్.శ్రీనివాస్‌తో కలిసి ఎన్ఎస్‌జీఏ అనే పద్ధతినీ, 2002లో మరో ముగ్గురితో కలిసి దాని మెరుగైన రూపం ఎన్ఎస్‌జీఏ-2నూ ప్రచురించారు. కంప్యూటింగ్ పరిశోధనలో ప్రపంచవ్యాప్తంగా అత్యధికంగా ఉటంకించబడిన పత్రాల్లో రెండోది ఒకటి.

ఆలోచన సులభం. వంద డిజైన్ల గుంపును తీసుకోండి. అందులో ఏ ఇతర డిజైనూ అన్ని కొలతల్లోనూ ఓడించలేనివి కొన్ని ఉంటాయి. వాటిది మొదటి వరుస. వాటిని పక్కనపెట్టి మిగిలినవాటిలో మళ్లీ అలాంటివి ఏరితే రెండో వరుస. అలా అందరికీ వరుసలు ఇవ్వాలి. ఒకే వరుసలో ఉన్నవాటిలో, చుట్టూ రద్దీ తక్కువగా ఉన్నదానికి ప్రాధాన్యం ఇవ్వాలి. అప్పుడు అన్ని రకాల డిజైన్లూ మిగులుతాయి, ఒకే రకం గుంపుకట్టదు. తల్లిదండ్రులు, సంతానం అందరినీ కలిపి చూసి ఉత్తములను తర్వాతి తరానికి పంపాలి. మొదటి పద్ధతిలో వరుసలు తేల్చే పని గుంపు పరిమాణపు ఘనంతో పెరిగేది. రెండోదాంట్లో వర్గంతో పెరుగుతుంది. వంద డిజైన్ల గుంపులో ఈ రెండింటి తేడా 10 లక్షలకూ 10 వేలకూ ఉన్నంత.

చివరికి కంప్యూటర్ ఒక్క జవాబు ఇవ్వదు. ఇంత ఖర్చు పెడితే ఇంత బలం, ఇంకొంచెం పెడితే ఇంకొంత బలం అని చూపే ఒక వరుసను మన ముందు పెడుతుంది. ఇటలీ ఆర్థికవేత్త పరేటో పేరుమీద దీన్ని పరేటో సరిహద్దు అంటారు. ఎంపిక మనిషిది. 2006లో దేబ్ ఇంకో అడుగు ముందుకేసి, ఆ వరుసలోని మంచి డిజైన్లన్నిటిలో ఉమ్మడిగా ఉన్న లక్షణాలేమిటో పరిశీలించి, వాటి నుంచి డిజైన్ సూత్రాలు రాబట్టాలని ప్రతిపాదించారు. అంటే యంత్రం ఇచ్చిన జవాబును వాడుకోవడంతో ఆగకుండా, దాని నుంచి నేర్చుకోవడం. దేబ్‌కు 2005లో శాంతిస్వరూప్ భట్నాగర్ బహుమతి, 2011లో ఇన్ఫోసిస్ బహుమతి లభించాయి.

గెలిచిన చోటు, చిక్కుపడ్డ చోటు

2006 మార్చి 22న నాసా ‘ఎస్‌టీ-5’ పేరుతో మూడు బుల్లి ఉపగ్రహాలను ప్రయోగించింది. వాటిలోని ఒక యాంటెన్నా వంకరలు తిరిగిన పేపర్ క్లిప్పులా ఉంటుంది. దాన్ని పరిణామ పద్ధతిలో కంప్యూటర్ రూపొందించింది. ఇంజినీర్లు ఒక డిజైన్ సిద్ధం చేశాక ఉపగ్రహాల కక్ష్యను మార్చారు. పాత యాంటెన్నా కొత్త కక్ష్యకు సరిపోదు. కొత్త షరతులు ఇచ్చి అన్వేషణను మళ్లీ నడిపితే కొన్ని వారాల్లోనే కొత్త యాంటెన్నా వచ్చింది. మనిషి చేతి డిజైన్‌తో పోలిస్తే ఇక్కడ అసలు లాభం ఇదే. లక్ష్యం మారితే వెతుకులాటను మొదటి నుంచి చవకగా మొదలుపెట్టవచ్చు.

రెండో ఉదాహరణ హెచ్చరిక. 1996లో ఇంగ్లండ్‌లోని ససెక్స్ విశ్వవిద్యాలయంలో ఏడ్రియన్ థాంప్సన్ ఒక ప్రోగ్రామబుల్ చిప్‌లోని 100 కణాలతో, రెండు వేర్వేరు శబ్దాలను గుర్తించే వలయాన్ని పరిణామ పద్ధతిలో పుట్టించారు. అది చక్కగా పనిచేసింది. లోపల చూస్తే, మిగతా వలయంతో ఏ తీగ సంబంధమూ లేని కొన్ని కణాలు ఉన్నాయి. అవి అనవసరం కదా అని స్తంభింపజేస్తే వలయం పనిచేయలేదు. ఆ చిప్ భౌతిక లక్షణాలను, మనిషి ఇంజినీరు వాడని రీతిలో, ఆ డిజైన్ వాడుకుంది. ఫలితంగా ఉష్ణోగ్రత మారితే తడబడింది, అదే రకం చిప్‌లో వేరే చోటికి మారిస్తే సరిగ్గా నడవలేదు. యంత్రం మోసం చేయలేదు. మనం అడిగిందే ఇచ్చింది. ‘వేరే చిప్‌లో, వేరే వాతావరణంలో కూడా పనిచేయాలి’ అని మనం అడగలేదు. టాగుచి బట్టీ దగ్గర చెప్పిన పాఠం ఇక్కడ మళ్లీ గుర్తుకొస్తుంది.

కంప్యూటర్ వేగం పెరిగితే అన్నీ చూసేయవచ్చు కదా అని అడగవచ్చు. వేగం వెయ్యి రెట్లు పెరిగినా, మూడు విలువలున్న అంశాలు మరో ఏడు చేరితే ఆ లాభం పోతుంది. ఎందుకంటే 3ను 7 సార్లు గుణిస్తేనే 2,187. అందుకే 1979లో అమెరికాలోని లాస్ అలమోస్ పరిశోధకులు కంప్యూటర్ ప్రయోగాల కోసం లాటిన్ హైపర్‌క్యూబ్ అనే నమూనా పద్ధతిని తెచ్చారు. 1990లలో దానికీ ఆర్థోగొనల్ అరేలకూ ముడివేశారు. నేటి పద్ధతుల్లో చాలావాటిలో వరుస ఇలా ఉంటుంది. పట్టిక ప్రకారం కొన్ని డిజైన్లను ఎంచి పూర్తిగా లెక్కగడతారు. ఆ ఫలితాలతో ఒక చవకైన అంచనా నమూనాను తయారు చేస్తారు. ఆ నమూనా మీద లక్షల డిజైన్లను పరిణామ పద్ధతితో వెతుకుతారు. బాగున్నాయని తేలిన కొన్నింటిని మళ్లీ పూర్తిగా లెక్కగడతారు. ‘జెనరేటివ్ డిజైన్’ అనే కొత్త పేరు కింద కలకత్తా, బెర్లిన్, కాన్పూర్ ఆలోచనలు పక్కపక్కనే పనిచేస్తున్నాయి.

పరిపాలనకు ఏం సంబంధం?

రేపు మనలో ఒకరు జిల్లాలో కొత్త రహదారి మార్గాన్ని ఖరారు చేసే ఫైలు చూడాల్సి రావచ్చు. సాఫ్ట్‌వేర్ వేల మార్గాలను పరిశీలించి ‘ఇదే అత్యుత్తమం’ అని ఒక గీత గీసి ఇస్తుంది. అప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న, ఏ కొలతతో అత్యుత్తమం? నిర్మాణ ఖర్చు, ప్రయాణ సమయం, పోయే అడవి, ఇల్లు కోల్పోయే కుటుంబాలు... వీటన్నిటినీ రూపాయల్లోకి మార్చి ఒకే అంకెగా కలిపేస్తే, నిర్వాసిత కుటుంబానికి ఎంత బరువు వేశారన్నది ఎవరికీ కనిపించదు. ఆ బరువు వేసింది సాఫ్ట్‌వేర్ రాసినవారా, కన్సల్టెంటా, ప్రజలు ఎన్నుకున్న ప్రభుత్వమా? ఇక్కడ కాన్పూర్ పద్ధతి ప్రజాస్వామ్యానికి దగ్గరగా ఉంటుంది. ఒక్క గీతకు బదులు, పది కోట్లు ఎక్కువ పెడితే ఎన్ని ఇళ్లు మిగులుతాయో చూపే వరుసను అధికారి ముందు పెట్టమని అడుగుతుంది. గ్రామసభలో చర్చించడానికి అలాంటి వరుస పనికొస్తుంది. కారణం అధికారి రాస్తాడు, సంతకం అధికారిదే, జవాబుదారీతనమూ అధికారిదే.

రెండో పాఠం పైలట్ పథకాలది. ఉత్సాహవంతుడైన కలెక్టర్, అదనపు సిబ్బంది, పత్రికల దృష్టి ఉన్న జిల్లాలో ఒక పథకం అద్భుతంగా నడుస్తుంది. రాష్ట్రమంతా అమలు చేయగానే చతికిలబడుతుంది. ఆ పథకం థాంప్సన్ చిప్ లాంటిది, ఆ ఒక్క చోటి ప్రత్యేకతల మీద నిలబడింది. పైలట్‌ను అనుకూలమైన జిల్లాతో పాటు మారుమూల, సిబ్బంది కొరత ఉన్న జిల్లాలో కూడా నడిపితేనే అది తట్టుకునే డిజైనో కాదో తెలుస్తుంది.

మూడోది సి.ఆర్.రావు పట్టిక చెప్పేది. ఒకే జిల్లాలో ఒకేసారి నాలుగు మార్పులు చేసి, ఫలితం బాగుంటే నాలుగింటికీ మార్కులు వేసుకోవడం మనకు అలవాటు. ఏ మార్పు ఎక్కడ చేయాలో ముందే క్రమపద్ధతిలో అమర్చితే, అదే ఖర్చుతో ఏది పనిచేసిందో ఏది చేయలేదో తెలుసుకోవచ్చు.

సి.ఆర్.రావు 2023 ఆగస్టు 22న 102 ఏళ్ల వయసులో కన్నుమూశారు. అదే ఏడాది ఆయనకు గణాంకశాస్త్రంలో అంతర్జాతీయ బహుమతి ప్రకటించారు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం ప్రాంగణంలో ఆయన పేరుతో ఒక గణిత, గణాంక పరిశోధన సంస్థ ఉంది. యంత్రాలు ఇంకా వేగంగా, ఇంకా ఎక్కువ డిజైన్లు పుట్టిస్తూనే ఉంటాయి. వాటిలో ఏవి చూడాలో తెలిసిన దేశానికి, దేన్ని మంచిది అనాలో బహిరంగంగా చర్చించుకునే దేశానికి ఆ వేగం ఉపయోగపడుతుంది.

రివిజన్ కోసం

- 1931: ఐఎస్ఐ స్థాపన, మహలనోబిస్
- 1947: ఆర్థోగొనల్ అరేలు, సి.ఆర్.రావు
- 1954-55: ఐఎస్ఐలో టాగుచి
- 1959: ఆయిలర్ ఊహ ఖండన, బోస్-శ్రీఖండే-పార్కర్
- 1964: బెర్లిన్ గాలి సొరంగ ప్రయోగం
- 1975: జాన్ హాలండ్ పుస్తకం, జెనెటిక్ అల్గారిథమ్‌లు
- 1994, 2002: ఎన్ఎస్‌జీఏ, ఎన్ఎస్‌జీఏ-2, కల్యాణ్‌మయ్ దేబ్
- 2006: నాసా ఎస్‌టీ-5 యాంటెన్నా

సాధన ప్రశ్న: “నిర్ణయాల్లో యంత్రాల పాత్ర పెరిగేకొద్దీ, లక్ష్యాలను నిర్ణయించే మనిషి బాధ్యత తగ్గదు, పెరుగుతుంది.” శాస్త్ర సాంకేతిక చరిత్ర నుంచీ, పరిపాలన నుంచీ ఉదాహరణలతో చర్చించండి. (250 పదాలు)